పాప పేరు, బాబు పేరు: అర్థం ఎంతవరకు చూడాలి, ఎలా చూడాలి

పేరు పెట్టే ముందు అర్థం చూశారా అని అడిగితే చాలామంది "ఆ, చూశాం" అనే అంటారు. ఎక్కడ చూశారంటే ఫోన్ చూపిస్తారు. అక్కడ పేరుకి ఎదురుగా "విష్ణుమూర్తి అంశ", "సాటిలేనివాడు", "తొలి సూర్యకిరణం" అని రాసి ఉంటుంది. ఆ మాట ఏ నిఘంటువులో ఉంది, ఏ మాట నుంచి వచ్చింది అన్నది మాత్రం ఉండదు. ఒక జాబితాలో పడ్డ తప్పు నాలుగు జాబితాల్లోకి ఎక్కుతుంది, నాలుగుచోట్ల కనబడింది కాబట్టి నిజమే అనిపిస్తుంది.

అర్థం ముఖ్యమా? ముఖ్యమే. అయితే అది పిల్లల నుదుటిరాత మారుస్తుందని కాదు. "ధీరజ్" అని పెట్టినంత మాత్రాన ధైర్యం రాదు, "శాంతి" అని పెడితే అల్లరి మానదు. ఐదారేళ్లు వచ్చేసరికి పిల్ల "నా పేరుకి అర్థమేంటమ్మా" అని అడుగుతుంది, అప్పుడు చెప్పే జవాబు నిజమై ఉండాలి. అదొక కారణం. రెండోది ఇంకాస్త గట్టిది. మనం చూడకుండా వదిలేసిన అర్థాన్ని ఏదో ఒకరోజు తరగతిలో తెలుగు మాస్టారో, తోటి పిల్లలో విప్పి చెబుతారు. విన్నది మళ్లీ విననట్టు కాదు.

కాబట్టి పని రెండు భాగాలు. పేరుకి నిజంగా ఏం అర్థముందో కనుక్కోవడం మొదటిది. దానికి ఎంత విలువివ్వాలో తేల్చుకోవడం రెండోది. మొదటిదానికి ఒక సాయంత్రం చాలు. రెండోదానికే ఇంట్లో నాలుగు మాటలు నడవాలి.

ముందుగా: "అర్థం" అంటే ఏ అర్థం?

పంకజ అన్న పేరు తీసుకోండి. పంకం అంటే బురద, జ అంటే పుట్టినది. ముక్కలు కలిపితే "బురదలో పుట్టినది". బురదలో కప్పా పుడుతుంది, నాచూ పుడుతుంది. అయినా పంకజ అనగానే తామరపువ్వు తప్ప ఇంకేదీ తోచదు. ముక్కలు విడగొడితే వచ్చేదాన్ని మన శాస్త్రకారులు యోగార్థం అన్నారు, లోకంలో స్థిరపడినదాన్ని రూఢి అన్నారు. రెండూ కలిసిన పంకజ లాంటి మాటని యోగరూఢి అంటారు. ఈ రెండింటికీ పోటీ వస్తే ఏది నెగ్గుతుందో కూడా వాళ్లే చెప్పారు: "యోగాద్రూఢిర్బలీయసీ", యోగార్థంకన్నా రూఢి బలమైనది.

పేర్ల విషయంలో ఇంతకన్నా పనికొచ్చే సూత్రం లేదు. సీత అంటే నాగేటి చాలు. కర్ణ అంటే చెవి. కృష్ణ అంటే నలుపు. ఈ పేర్లు పెట్టుకున్నవాళ్లెవరూ చాలునో చెవినో తలుచుకుని పెట్టలేదు. బైబిల్లో యాకోబు అన్న పేరుకి మడమ పట్టుకున్నవాడు అనే అర్థం, మోసగించినవాడు అనే ధ్వని కూడా ఆ కథలోనే ఉన్నాయి. అయినా ఆ పేరు తరతరాలుగా నడుస్తూనే ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణ శకుని. సంస్కృతంలో శకుని అంటే పక్షి, అంతకుమించి ఏమీ లేదు. అమరకోశం పక్షికున్న పేర్లు చెబుతూ శకుని, శకుంత అని ఒకే పంక్తిలో పక్కపక్కన చెప్పింది. ఆ శకుంతాలు కాపాడిన పాప కాబట్టి కణ్వుడు శకుంతల అని పేరు పెట్టాడు. ఒకే పక్షి, రెండు పేర్లు. శకుంతలలు ఊరూరా ఉన్నారు. శకుని అని కొడుక్కి పెట్టుకునే ఇల్లు కనబడదు.

పాతతరం తెలుగు ఇళ్లలో పెంటయ్య, పుల్లయ్య, భిక్షమయ్య అనే పేర్లున్నాయి. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో, ఈసారి పుట్టిన బిడ్డని పెంటకుప్ప మీద పెట్టి తీసి పెంటయ్య అన్నారు. ఎంగిలి విస్తరాకుల్లో, అంటే పుల్లాకుల్లో, పొర్లించి పుల్లయ్య అన్నారు. అడుక్కుని తెచ్చుకున్నట్టుగా భిక్షమయ్య అన్నారు. నిఘంటువు ప్రకారం ఇంతకన్నా చెడ్డ పేర్లుండవు. కానీ ఆ పేరు పెట్టిన తల్లి మనసులో ఉన్నదల్లా ఈ బిడ్డనైనా బతకనివ్వమనే. తాతల పేరు అలాంటిదైతే దాన్ని చూసి ముఖం చిట్లించకండి. ఆ కథ అడిగి రాసి పెట్టుకోండి.

మొదటి అడుగు: జాబితా కుదించి, తెలుగులో రాయండి

యాభై పేర్లకి అర్థం వెతకడం జరిగే పని కాదు. ఐదారు పేర్లకి తెచ్చుకోండి. తెచ్చుకున్నాక ఒక్కొక్కటీ తెలుగు లిపిలో, చేత్తో, పెద్ద అక్షరాలతో రాయండి. ఇంగ్లిష్‌లో రాసుకున్న పేరుకి అర్థం చూడలేం. ఎందుకంటే రమ, రామ రెండూ అక్కడ ఒకే నాలుగు అక్షరాలు. ఒకరు లక్ష్మీదేవి, ఇంకొకరు రాముడు.

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే, అదీ మూడు చోట్ల.

దీర్ఘం. ఆశ్రిత అంటే ఆశ్రయం పొందినది. దీర్ఘం తీసేసి అశ్రిత అంటే ఆశ్రయించనిది, పూర్తి వ్యతిరేకం. దినేశ్ అంటే పగటికి ప్రభువు, సూర్యుడు. దీనేశ్ అంటే దీనులకు ప్రభువు. ఆద్య అంటే మొట్టమొదటిది, అద్య అంటే ఈరోజు. మాలిని అంటే మాల ధరించినది. అందులో దీర్ఘం పోతే మలినమే మిగులుతుంది. అనిల అంటే గాలి, అనల అంటే నిప్పు. ఇక్కడ దీర్ఘం కూడా కాదు, ఒక్క గుడి తేడా.

శ, ష, స. నిశ అంటే రాత్రి. నిషా అంటే తెలుగులో ఎవర్ని అడిగినా మత్తు అనే చెబుతారు. శ్రావ్య అంటే వినసొంపైనది. అదే స్రావ్య అని రాస్తే స్రావం, కారడం గుర్తొస్తుంది. ఈశా అంటే అధికారం కలది, దేవి. ఈషా అంటే బండికో నాగలికో ఉండే ఏడికోల, పొడవాటి కొయ్య. రమేశ్‌ని రమేష్ అని రాసేవాళ్లు లక్షలమంది ఉన్నారు. రూఢి అయిపోయింది కాబట్టి ఎవరినీ తప్పు పట్టక్కర్లేదు. కానీ కొత్తగా పెట్టే పేరుకి సరైన అక్షరం వేయడానికి ఖర్చేమీ లేదు కదా.

ఒత్తు. ధాత్రి అంటే భూమి, దాత్రి అంటే ఇచ్చేది. రెండూ మంచి మాటలే. మీరు పెడుతున్నది ఏదో మీకు తెలియాలి, అంతే.

రెండో అడుగు: నిఘంటువులో వెతకడం

తెలుగులో ఉన్న చాలా నిఘంటువులు ఒకేసారి వెతికే వీలు ఆంధ్రభారతి నిఘంటుశోధనలో ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. 1885 నాటి శబ్దరత్నాకరం, 1852 నాటి బ్రౌన్ నిఘంటువు రెండూ అందులో దొరుకుతాయి. సంస్కృత పదానికి ఇంకా లోతుగా వెళ్లాలంటే ఆప్టే, మోనియర్ విలియమ్స్ నిఘంటువులు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. అవి అర్థం ఇంగ్లిష్‌లో చెబుతాయి.

వెతికే ముందు పేరుని మాటగా మార్చాలి. ఇది తెలియక "మా పేరు ఏ నిఘంటువులోనూ లేదు" అని వదిలేస్తారు. అర్ణవ్ అని కొడితే రాదు. హిందీ పలుకుబడి వల్ల చివరి అచ్చు రాలిపోయిన పేరు అది. అర్ణవము అని కొట్టండి, సముద్రం అని వస్తుంది. ప్రణవ్‌కి ప్రణవము, రోహిత్‌కి రోహితము, తేజస్‌కి తేజస్సు, యశస్‌కి యశస్సు. మగపేర్లకి చివర "డు" చేర్చి కూడా చూడండి. ఆడపేర్లు తెలుగులో హ్రస్వంతో ముగుస్తాయి, సంస్కృత నిఘంటువులో అవే దీర్ఘంతో ఉంటాయి: లత అక్కడ లతా.

పదం ఎదురుగా చిన్న అక్షరాల్లో సం., దే., వి., విణ. అని ఉంటుంది. సం. అంటే సంస్కృతం నుంచి వచ్చినది, దే. అంటే దేశ్యం, మన తెలుగు మాట. వి. విశేష్యం, విణ. విశేషణం. వీటిని దాటేయకండి. విశేషణమైతే "ఎలాంటిది" అని చెబుతుంది, విశేష్యమైతే "ఏది" అని చెబుతుంది. శ్వేత విశేషణం, తెల్లనిది. చంద్రిక విశేష్యం, వెన్నెల.

కనబడిన మొదటి అర్థం దగ్గర ఆగకండి, చివరిదాకా చదవండి. అనీశ్ అన్న పేరుకి ఇంటర్నెట్ జాబితాల్లో "అందరికన్నా పైవాడు" అని కనబడుతుంది. అనీశ అంటే ఈశుడు లేనివాడు. ఆ లేకపోవడాన్ని రెండు రకాలుగా తీసుకోవచ్చు. తన మీద ప్రభువు లేనివాడు అన్నది ఒకటి. విష్ణు సహస్రనామంలో "అనీశః శాశ్వతస్థిరః" అన్నచోట ఈ అర్థమే. తానే ప్రభువు కానివాడు, అంటే అశక్తుడు అన్నది రెండోది. శ్వేతాశ్వతరోపనిషత్తులో బంధంలో పడ్డ జీవుణ్ణి అనీశుడు అన్నప్పుడు ఈ రెండోది. పేరు పెట్టొచ్చు, సహస్రనామం నుంచి తీసుకున్నామని గట్టిగా చెప్పొచ్చు. రెండో అర్థం ఉందని తెలిసి పెట్టాలి, అంతే.

అరబీ నుంచి, హీబ్రూ నుంచి వచ్చిన పేర్లకి సంస్కృత నిఘంటువు తిరగేసి లాభం లేదు. నూర్ అంటే వెలుగు అని తెలియాలంటే అరబీ తెలిసినవాళ్లని అడగాలి. దానియేలుకి "దేవుడే నా న్యాయాధిపతి" అనే అర్థం బైబిల్ నిఘంటువులో ఉంటుంది. ఏ భాష పేరుకి ఆ భాష సాక్ష్యం కావాలి.

మూడో అడుగు: దొరక్కపోతే విడగొట్టండి

చాలా పేర్లు రెండు ముక్కల అతుకు. అతుకు ఎక్కడుందో తెలిస్తే అర్థం దానంతటదే బయటికొస్తుంది.

చివర "ఏశ్" కనబడితే చాలావరకు అందులో ఈశ ఉంటుంది. రాకేశ్ అంటే రాకా, ఈశ. రాకా అంటే నిండు పున్నమి, దానికి ప్రభువు చంద్రుడు. చివర "జ" ఉంటే పుట్టినది: నీరజ, జలజ, అంబుజ అన్నీ నీట పుట్టినవి, అన్నీ తామరలే. ముందు "అ" ఉంటే చాలాసార్లు "లేనిది, కానిది" అని. అజిత అంటే జయింపబడనిది, అదితి అంటే హద్దు లేనిది. ఆ "అ" తీసేస్తే దితి, దైత్యుల తల్లి. అపర్ణ అంటే ఆకు లేనిది. ముక్కలు చూస్తే ఇదేం పేరు అనిపిస్తుంది. శివుడి కోసం తపస్సు చేస్తూ ఆకులు తినడం కూడా మానేసిన పార్వతి అని తెలిస్తే, ఇంత పట్టుదల ఉన్న పేరు ఇంకోటి దొరకదనిపిస్తుంది. కొన్ని పేర్లకి అర్థం ముక్కల్లో ఉండదు, కథలో ఉంటుంది.

చివర "ఇత" ఉన్న పేర్ల దగ్గర ఆగి చూడండి. ఈ రోజుల్లో తప్పులు ఎక్కువగా కనబడేది ఈ గుంపులోనే. "ఇత" ఉన్న మాట చాలావరకు పని చేసినవాళ్లని కాకుండా, పని జరిగినవాళ్లని చెబుతుంది. రక్షిత అంటే రక్షించేది కాదు, రక్షింపబడినది. పూజిత అంటే పూజించేది కాదు, పూజలందుకున్నది. అర్పిత అంటే సమర్పించబడినది. మోహన్, మోహిత్ ఒకే ధాతువు బిడ్డలు. మోహన అంటే మోహింపజేసేవాడు, మోహిత అంటే మోహంలో పడ్డవాడు, మైమరచినవాడు. జాబితాల్లో మాత్రం మోహిత్‌కి కూడా "ఆకర్షించేవాడు" అనే ఉంటుంది. రక్షిత విషయంలో ఈ తేడా నష్టమేమీ కాదు. పసిబిడ్డకి "కాపాడబడినది" అన్న పేరు "కాపాడేది" అన్నదానికన్నా సహజం కూడా. మోహిత్ విషయంలో మాత్రం మీరు కావాలనుకున్న అర్థానికి మోహన్ దగ్గరే నిలబడాలి.

ముక్కలు కూడా దొరక్కపోతే అది కొత్తగా అల్లిన పేరు. రియాంశ్ అందుకు ఉదాహరణ. అంశ అంటే భాగం, నిజమైన మాట. "రియ"కి సంస్కృతంలో విష్ణువు అనే అర్థం లేదు. అలాగే అమ్మ పేరులో ఒక అక్షరం, నాన్న పేరులో ఒక అక్షరం కలిపి అల్లిన పేర్లున్నాయి. వాటికి నిఘంటువు అర్థం వెతకడం దండగ. అల్లిన పేరు పెట్టడం తప్పు కాదు. దానికి లేని సంస్కృత అర్థం అంటగట్టడం తప్పు. "నీ పేరులో సగం అమ్మ, సగం నాన్న" అని చెబితే ఏ పిల్లకైనా చాలు, పైగా అది నిజం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వెన్నెల, పున్నమి, సిరి, మల్లి, నెలవంక లాంటి పేర్లకి ఈ రెండు మూడు అడుగులతో పనే లేదు. విన్న మనిషికి విన్న క్షణమే అర్థం తెలుస్తుంది. అచ్చతెలుగు పేరు అంటే మోటు అనుకుని పక్కన పెట్టేసినవాళ్లు జాబితాని ఇంకోసారి చూడాలి.

నాలుగో అడుగు: ఈ బిడ్డకి సరిపోతుందా?

అర్థం మంచిదే అయినా ఈ ఇంట్లో ఈ బిడ్డకి పొసగకపోవచ్చు. అనుజ అంటే తర్వాత పుట్టినది, చెల్లెలు. తొలిచూలు బిడ్డకి పెడితే మాటకీ మనిషికీ పొత్తు కుదరదు. ఆద్య అంటే మొదటిది, రెండో పాపకి పెట్టే ముందు ఆలోచించాలి. ఆదిశక్తి అనే అర్థంలో తీసుకుంటే ఇబ్బంది లేదు, అప్పుడు అక్కకి కూడా అలాగే చెప్పాలి. అద్వితీయ విషయంలో ఈ భయం అక్కర్లేదు. ముక్కల్లో "రెండోది లేనిది" అయినా లోకంలో సాటిలేనిది అనే అర్థమే నిలిచింది.

ఆడ, మగ సంగతికి వస్తే సంస్కృతంలో తేజస్వి, మనస్వి, యశస్వి పుంలింగం. ఆడపిల్లకి తేజస్విని, మనస్విని, యశస్విని అనాలి. తెలుగు ఇళ్లలో తేజస్వి అన్న పేరు ఆడపిల్లలకీ ఉంది, అది రూఢి. పెట్టొచ్చు. సంస్కృతం బాగా తెలిసిన బంధువు ఎవరైనా ఎత్తి చూపితే తడబడకుండా ఉండేందుకే ఈ సంగతి. మొదటి నుంచీ "ని" చేర్చి పెట్టినా పేరు అందం తగ్గదు.

కవలలకి పెట్టేటప్పుడు రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి అర్థం చదవండి. ఒకరు సూర్యుడై ఇంకొకరు నీడ కాకూడదు.

ఐదో అడుగు: రూఢి పరీక్ష

ఇంతవరకూ పుస్తకం పని. ఇప్పుడు మనుషుల చెవుల పని, ఇదే ఎక్కువ బరువైనది.

ఆరుగురిని ఎంచుకోండి: ముగ్గురు అరవై దాటినవాళ్లు, ముగ్గురు మీ వయసువాళ్లు. పేరు రాసి చూపించకండి, ఫోన్ చేసి ఒక్కసారి పలకండి. "పేరు బాగుందా?" అని అడగొద్దు. అలా అడిగితే అందరూ బాగుందనే అంటారు. "ఈ మాట వినగానే ఏం తోచింది?" అని అడగండి. తర్వాత వాళ్లనే ఆ పేరు పలకమనండి, వీలైతే రాసి పంపమనండి. ఇద్దరు ఒకేలా తప్పు పలికితే రేపు బళ్లోనూ అలాగే పలుకుతారు. ఇద్దరికి ఒకే వేరే మాట తోస్తే ఆ మాట పేరుని వదిలిపెట్టదు.

మాయ అన్న పేరు తీసుకుని చూడండి. బుద్ధుడి తల్లి మాయాదేవి, వేదాంతంలో మాయ, అమ్మవారి పేరు మహామాయ. పుస్తకంలో ఇంత గొప్ప. తెలుగు ఇంట్లో అమ్మమ్మకి మాత్రం "మాయ చేశాడు" గుర్తొస్తుంది, కాన్పులో బిడ్డ వెనకాల పడే మాయ గుర్తొస్తుంది. తెలుగు వినబడని చోట పెరిగే పిల్లకి ఇది సమస్యే కాదు. ఇక్కడ పెరిగే పిల్లకి సమస్యా కాదా అన్నది మీ ఇంటి చెవులే చెప్పాలి.

పిల్ల ఏయే భాషల మధ్య పెరుగుతుందో ఆ భాషలవాళ్లు ఒక్కొక్కరిని కూడా అడగండి. అరి అన్న మాట హీబ్రూలో సింహం, మనకి శత్రువు.

తేల్చుకోవాల్సింది ఇక్కడే. పుస్తకంలో అర్థం అంత గొప్పగా లేకపోయినా, జనం చెవిలో మంచిగా నిలిచిన పేరు ఉంచండి. పుస్తకంలో బంగారమైనా, వినగానే చెడు తోచే పేరు వదిలేయండి. వినగానే ఏమీ తోచని కొత్త పేరైతే అప్పుడు పుస్తకానికే పూర్తి విలువ. రూఢి లేనిచోట యోగార్థం ఒక్కటే దిక్కు. అందుకే పాత పేర్లకన్నా కొత్త పేర్లకే అర్థం ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. చాలామంది సరిగ్గా దీనికి తిరగేసి చేస్తారు. నాయనమ్మ పేరు సుబ్బమ్మ అంటే అర్థం అడుగుతారు, జాబితాలో దొరికిన రెండక్షరాల పేరుకి అడగరు.

ఆరో అడుగు: పిలుపులో మిగిలేది ఏది?

పూర్తి పేరు పిలిచేది ఎవరు? పిలుపులో మిగిలే ముక్కకి కూడా అర్థం చూడాలి. రామదాసు కాస్తా దాసు అవుతాడు. ఫర్వాలేదు, వినయమే మిగిలింది. అబ్దుర్ రహమాన్ అంటే రహమాన్‌కి సేవకుడు. అందులో అబ్దుర్ వదిలేసి రహమాన్ అని మాత్రమే పిలిస్తే అది దేవుడి పేరు. చాలా ముస్లిం కుటుంబాలు అలా విరిచి పిలవొద్దంటాయి. అపర్ణని ఇంట్లో అప్పు అని ముద్దుగా పిలుస్తారు. ఇంట్లో అది ముద్దే, బయట అప్పు అంటే అప్పే. ముద్దుపేరు ఇంకోటి ముందే అలవాటు చేస్తే సరిపోతుంది, దీనికోసం అపర్ణ అన్న పేరు వదులుకోనక్కర్లేదు.

వీధి చివర నుంచి పిలిచినట్టు గట్టిగా పిలిచి చూడండి. ఇంటిపేరుతో కలిపి ఒకసారి, ఇంటిపేరు మొదటి అక్షరంతో కలిపి ఒకసారి చదవండి.

నక్షత్రాక్షరం ఇబ్బంది పెడితే

జన్మనక్షత్ర పాదం ప్రకారం మొదటి అక్షరం చూసే ఇళ్లలో అర్థానికి అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. అశ్వినికి చూ, చే, చో, లా. చివరి పాదానికి లాస్య అనో లావణ్య అనో పేరు దొరుకుతుంది, మొదటి మూడింటికి వెతుక్కోవాలి. ఆర్ద్ర మూడో పాదానికి వచ్చేది ఙ, హస్త మూడో పాదానికి వచ్చేది ణ. ఆ అక్షరాలతో మొదలయ్యే మాటలు పేరు పెట్టుకునేందుకు లేవు. అక్షరం కోసం అర్థం లేని పేరు అల్లడం, ఆ తర్వాత దానికో అర్థం కల్పించడం ఈ ఒత్తిడిలోనే జరుగుతుంది.

దారి పాతదే. జన్మనామం వేరు, వ్యవహారనామం వేరు. నక్షత్రం పేరు సంకల్పంలో చెప్పుకోవడానికి ఉంచి, బళ్లోనూ కాగితాల్లోనూ నడిచే పేరు మీకు నచ్చిన అర్థంతో పెట్టుకోండి. అక్షరం మీద పట్టుదల ఉన్న పెద్దవాళ్లకి ఈ మాట పురోహితుడి చేతే చెప్పిస్తే సులువుగా ఒప్పుకుంటారు.

సంఖ్యాశాస్త్రం పేరుతో ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో అదనపు అక్షరాలు చేర్చడం వల్ల అర్థం మారదు, ఎందుకంటే అర్థం తెలుగు అక్షరాల్లో ఉంది. మారేది ఉచ్చారణ. కొత్తవాళ్లు ఆ అదనపు అక్షరాన్ని దీర్ఘంగా పలుకుతారు, దీర్ఘం ఎంత పని చేస్తుందో పైన చూశాం.

చివరి అడుగు: కాగితం మీద

తొందరపడక్కర్లేదు. మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం 1969 ప్రకారం పుట్టుకని 21 రోజుల్లోగా తెలియజేయాలి. పేరు అప్పటికి తేలకపోతే ఆ గడి ఖాళీగా ఉంచి పుట్టుకని మాత్రం నమోదు చేయించవచ్చు. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్పించవచ్చు. ఆసుపత్రిలో డిశ్చార్జి రోజు ఎవరో కాగితం పట్టుకుని "పేరు చెప్పండి" అన్నారని, ఇంకా చూడని పేరు చెప్పేయకండి. ఖాళీ గడి నింపడం తేలిక, నింపిన గడి మార్చడం తిరుగుళ్ల పని. 2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకి బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టినతేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి అందులో పడ్డ పేరే అన్నిచోట్లకీ వెళ్తుంది.

అర్జీ ఇచ్చే రోజున ఒక చీటీ మీద పేరు తెలుగులో, ఇంగ్లిష్‌లో, మీరు తేల్చుకున్న అక్షరాలతోనే రాసుకెళ్లండి. నోటితో చెప్పకండి, చీటీ ఇవ్వండి. దాని వెనక పేరు ఏ మాట నుంచి వచ్చింది, అర్థమేంటి, ఎవరు సూచించారు అని మూడు వాక్యాలు రాసి, ఇంకో నకలు పాప టీకాల పుస్తకంలో పెట్టుకోండి. ధ్రువపత్రం చేతికి రాగానే కౌంటర్ దగ్గరే నిలబడి అక్షరం అక్షరం చీటీతో సరిచూడండి: దీర్ఘం ఉందా, శ పడిందా ష పడిందా, ఒత్తు నిలిచిందా. ఆశ్రిత అశ్రితగా అచ్చయితే అక్కడికక్కడే చూపించండి, అచ్చుతప్పు దిద్దించుకోవడానికి అంతకన్నా మంచి సమయం లేదు.